ఆమె

కాశీనగర్‌లో, వంశధార గాలి తగిలే చోట,
రైల్వే గేటుకి ఇవతల నా కుట్టుమిషను,
అవతల నిరాకార్ డ్యూటీ గది.
గేటు పడితే మా ఇద్దరి మధ్య
జీడిపిక్కల లారీలు, పెళ్లి జీపులు, ఒక్కోసారి మేకలు.

హాస్టలు కుర్రాడొకడు యూనిఫారం కుట్టించుకుని
కూలి కింద మెమరీ చిప్పు చేతిలో పెట్టాడు.
పదకొండు జపాను బొమ్మల సినిమాలు.
కింద అక్షరాల్లేవు.
డబ్బులే ఇవ్వరా అనేలోపు
పట్టాలు దాటి పారిపోయాడు.

ఆదివారాలు నిరాకార్‌కి డ్యూటీ రాత్రి పదింటికి.
ఎనిమిదింటికే వస్తాడు, మురీల పొట్లంతో.
బల్ల మీది గుడ్డముక్కలు పక్కకు తోసి
పగుళ్ల ఫోనుని దారపు ఉండలకి ఆనించి పెడతాం.
అబ్బాయి మాటలు అతను ఒడియాలో చెబుతాడు,
అమ్మాయివి నేను తెలుగులో.
ఒప్పందమేం లేదు, అలా కుదిరింది.

ఎంత నెమ్మది ఆ జంటలు!
సైకిలు వెనక ఒక పక్కకి కూర్చున్న పిల్ల
వాడి చొక్కా కొస రెండు వేళ్లతో పట్టుకోడానికి
కొండ ఎక్కినంత సేపు తీసుకుంటుంది.
అద్దం మీద నీటిబొట్టు జారడం ఆసాంతం చూపిస్తారు,
ముద్దు మాత్రం చూపించరు.
వాడి వేలికీ ఆమె వేలికీ మధ్య వడ్లగింజ పట్టేంత దూరం.
రెండు గంటల సినిమా అంతా
ఆ గింజ గురించే.

నేను గౌను చూస్తాను:
పదహారు కుచ్చులు, వెనక పలక కాలరు,
ఎవరు చేస్తారమ్మా రోజూ ఇస్త్రీ?
అతను గేటు చూస్తాడు. వాళ్ల ఊళ్లో
గేటు తనంతట తనే పడుతుంది.
"మరి గేటుమేనుని ఎక్కడికి పంపేశారు?" అంటాడు దిగులుగా.

నాలుగో సినిమాలో
కుర్రాడు బడి చూరు కింద నిలబడి
పైకి చూసి ఒకే ఒక్క మాట అంటాడు.
ఏడాది పాటు నేను విన్నది: ఆమె.
పక్కనే పిల్ల ఉంటే
ఆకాశంలో ఎవర్ని చూపిస్తున్నావురా అని
ప్రతిసారీ తిట్టాను.
ఆ చోట నిరాకార్ ఏమీ చెప్పేవాడు కాదు.
మురీలు నమలడం కూడా ఆపేసేవాడు.

నిన్న ఆ కుర్రాడే మళ్లీ వచ్చి
"అక్షరాలున్న కాపీ తెచ్చానక్కా" అన్నాడు.
రాత్రి కూడబలుక్కుని ఇంగ్లీషు చదివాను.
వాన.
అంతే. వానొస్తోందని చెబుతున్నాడు, పాపం.

ఎంత నవ్వానంటే
జాకెట్టుకి గుచ్చుకున్న సూది జారి ఒళ్లో పడింది.
"నువ్వేమనుకున్నావు ఇన్నాళ్లూ?"
అతను ఎర్రదారం ఉండని కొంచెం దొర్లించి, ఆపి,
"మా మాటల్లో ఆమె అంటే..." అని
తన వైపూ నా వైపూ వేలు కదిపాడు.
"మేమా? మనమా?"
"మీకు రెండున్నాయా," అన్నాడు, "మాకు ఒకటే."

నలభై ఒకటి నాకు. కళ్లజోడు లేకపోతే సూదిలో దారం ఎక్కదు.
అతనికి మోకాలి నొప్పి.
మెట్టు దిగేటప్పుడు నా పేరులో వ పోగొట్టి
"బొసొంతొ, కాస్త వెలుతురు పట్టు" అంటాడు.
మా వయసు జంటని ఏ సినిమాలోనూ గీయలేదు.
ఎక్కడ ఆగాలో, గాలి ఎప్పుడు వీస్తుందో
మాకెవరూ చూపించలేదు.

పదింటికి వెళ్లాడు.
గుణుపురం బండి కోసం గేటు దించి
దీపం పట్టుకుని ఇటు తిరిగి ఏదో అన్నాడు.
పెదాలు తెరిచి, ఒక్కసారి కలిపి, మళ్లీ తెరిచాడు.
అంతలో బండి అడ్డొచ్చేసింది,
వరసగా వెలుగు కిటికీలు,
ఒకదానికి నొక్కుకుపోయి నిద్రపోతున్న పిల్లాడి చెంప.
బండి పోయాక చూస్తే
దీపం గదిలోకి వెళ్లిపోయింది.

షట్టరు సగం ఎత్తి
చెయ్యి బయటికి చాపి చూశాను.

చుక్క లేదు.